డెస్క్‌టాప్ ప్రోగ్రామింగ్ నేర్చుకుంటే వెనకబడతానా?

ప్రశ్న: బీటెక్ కంప్యూటర్ సైన్స్ మూడో సంవత్సరం చదువుతున్నాను. మా నాన్నగారు పోర్టు దగ్గర ఒక క్లియరింగ్ ఏజెంటు ఆఫీసులో అకౌంట్లు చూస్తారు. వాళ్లు వాడే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌ను తయారీదారులు ఈమధ్య పూర్తిగా మార్చేశారు. పాతది విండోస్ కోసమే రాసినది. కొత్తది లోపల బ్రౌజర్ పెట్టుకుని నడుస్తుందట. ఎంటర్ మీట పనిచేయడం లేదని, కంప్యూటర్ నత్తలా అయిపోయిందని నాన్నగారు రోజూ దాన్ని తిడుతూనే ఉన్నారు. నాకేమో సీ షార్ప్ భాష, దానితో విండోస్ ప్రోగ్రాముల తెరలు తయారుచేసే డబ్ల్యూపీఎఫ్ అంటే ఇష్టం. మధురవాడలో ఒక చిన్న కంపెనీ వాటి మీదే ఇంటర్న్‌షిప్ ఇస్తామంటోంది. ప్లేస్‌మెంట్ శిక్షణ ఇచ్చే సార్ మాత్రం 'డెస్క్‌టాప్ పని అయిపోయింది, ఎలక్ట్రాన్ గానీ ఫ్లట్టర్ గానీ నేర్చుకో' అంటున్నారు. నాన్నగారి కొత్త సాఫ్ట్‌వేర్ లాంటివి రాసేది ఎలక్ట్రాన్‌తోనేనట. వాడేవాళ్లను ఇంత విసిగించేదాన్ని నేర్చుకోవాలా? ఇంటర్న్‌షిప్‌లో చేరనా, వద్దా?
– ఒక విద్యార్థిని, గాజువాక

జవాబు: ఇంటర్న్‌షిప్‌లో చేరండి. వెబ్ పేజీలు రాసే జావాస్క్రిప్ట్ భాషను మాత్రం వదలకండి. మీ సార్ చెప్పినదాంట్లో సగం నిజమే. క్యాంపస్‌కు వచ్చే కంపెనీల్లో ఎక్కువ భాగం డెస్క్‌టాప్ ప్రోగ్రాములు రాసేవాళ్లను వెతుక్కుంటూ రావు. మిగతా సగం సంగతి మీ నాన్నగారి తిట్లలో ఉంది. కాస్త ఓపికగా వింటే అందులో రెండు వేర్వేరు ఫిర్యాదులు వినిపిస్తాయి.

ఒకటి బరువు గురించి. ఆటమ్ అనే కోడ్ ఎడిటర్ కోసం గిట్‌హబ్ వాళ్లు 2013లో మొదలుపెట్టినదే ఎలక్ట్రాన్. వెబ్ పేజీని మామూలు ప్రోగ్రాములా చూపించడానికి అది క్రోమియం బ్రౌజర్‌ను, జావాస్క్రిప్ట్‌ను బ్రౌజర్ బయట నడిపే నోడ్ జేఎస్‌ను ప్రతి ప్రోగ్రాముకూ జతచేసి పంపుతుంది. అందుకే తెర మీద ఒక్క 'నమస్తే' చూపించే ప్రోగ్రాము కూడా డిస్కులో వంద మెగాబైట్లు దాటేస్తుంది. అలాంటివి మూడు తెరిస్తే మూడు బ్రౌజర్లూ విడివిడిగా మెమరీని తింటాయి. 16 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్ ముందు కూర్చుని రాసినవాళ్లకు ఈ బరువు తెలియదు. 4 జీబీ ర్యామ్, తిరిగే హార్డ్ డిస్కు ఉన్న ఆఫీసు కంప్యూటర్లో, పక్కన కస్టమ్స్ వాళ్ల ఐస్‌గేట్ పోర్టల్ కోసం క్రోమ్, కబుర్ల కోసం వాట్సాప్ తెరిచి పెట్టుకున్న మనిషికి బాగా తెలుస్తుంది.

రెండోది చేతి అలవాటు. నాకు దీని గురించే ఎక్కువ చెప్పాలని ఉంది. డాస్ కాలం నుంచీ మన దగ్గర వ్యాపార సాఫ్ట్‌వేర్లలో ఎంటర్ కొడితే తర్వాతి గడికి వెళ్లడం ఆనవాయితీ. అకౌంట్లు రాసేవాళ్ల కుడిచేయి కీబోర్డు చివరన ఉన్న అంకెల మీటల మీదే ఉంటుంది. ఎంటర్ కూడా అక్కడే ఉంది. పార్టీ పేరు, కంటైనర్ నంబరు, మొత్తం, జీఎస్టీ అన్నీ కాగితం మీద నుంచి చూపు తిప్పకుండా కొట్టుకుంటూ పోతారు. వెబ్ పేజీలో మాత్రం గడిలో ఉండి ఎంటర్ నొక్కితే మొత్తం ఫారాన్ని పంపేయడం బ్రౌజర్ సహజ గుణం. గడి మారాలంటే ట్యాబ్ నొక్కాలి, అదేమో కీబోర్డుకు ఎడమ చివర ఉంటుంది. మీ నాన్నగారు మొదటి గడిలో ఎంటర్ కొట్టగానే 'ఈ వివరాలు తప్పనిసరి' అని ఎర్రక్షరాలు వచ్చి ఉంటాయి. దీన్ని సరిచేయడానికి పది పదిహేను వరసల జావాస్క్రిప్ట్ చాలు. అంటే ఇది ఎలక్ట్రాన్ తప్పు కాదు. ఆ తెర తయారుచేసినవాళ్లలో ఒక్కరూ బిల్లులు కొట్టే మనిషి పక్కన ఒక పూట కూర్చోలేదు.

కంపెనీల వైపు నుంచి కూడా చూడాలి. విండోస్‌కు ఒక బృందం, మ్యాక్‌కు ఒకటి, వెబ్‌కు ఇంకొకటి పెట్టుకుంటే చిన్న మార్పునైనా మూడుసార్లు రాయాలి, మూడుసార్లు పరీక్షించాలి. ఎలక్ట్రాన్‌తో అయితే దాదాపు ఒకే కోడ్ అన్నిచోట్లా నడుస్తుంది. దానికి తోడు విండోస్ కోసమే రాద్దామన్నా దారి నిలకడగా ఉందా? తెరలు రాయడానికి మైక్రోసాఫ్ట్ 2002లో విన్‌ఫామ్స్ ఇచ్చింది, 2006లో డబ్ల్యూపీఎఫ్, 2015లో యూడబ్ల్యూపీ, 2021లో విన్‌యూఐ 3. మైక్రోసాఫ్టే ఇన్నిసార్లు మాట మారిస్తే బయటివాళ్లు దేన్ని నమ్మి డబ్బు పెడతారు?

అలాగని వాడేవాళ్ల గోల ఉత్తదేమీ కాదు. పాస్‌వర్డులు దాచిపెట్టే సాఫ్ట్‌వేర్ చేసే వన్‌పాస్‌వర్డ్ కంపెనీ తన మ్యాక్ ప్రోగ్రామును ఎలక్ట్రాన్‌కు మారుస్తున్నట్లు 2021 ఆగస్టులో బయటపెట్టినప్పుడు ఏళ్ల తరబడి డబ్బు కట్టి వాడుతున్నవాళ్లే గగ్గోలు పెట్టారు. కంపెనీ వెనక్కి తగ్గలేదు, 2022లో విడుదల చేసేసింది. అయితే లోపలి ముఖ్యమైన పనంతా రస్ట్ భాషలో రాసి, పైతెరకు మాత్రమే ఎలక్ట్రాన్ వాడింది. విండోస్ వాట్సాప్ కథ ఇంకా విచిత్రం. మొదట ఎలక్ట్రాన్, 2022లో విండోస్ కోసమే రాసిన తేలికైన రూపం, 2025లో మళ్లీ వెబ్ రూపమే. మైక్రోసాఫ్ట్ టీమ్స్ 2023లో ఎలక్ట్రాన్‌ను వదిలి, విండోస్‌లోనే ఉండే బ్రౌజర్ భాగం వెబ్‌వ్యూ2కు మారింది. రెట్టింపు వేగం, సగం మెమరీ అని ప్రకటించుకుంది. అదీ వెబ్ పరిజ్ఞానమే, బ్రౌజర్‌ను వెంట మోసుకురావడం మాత్రం మానేసింది. ఇంకో మాట. బహుశా మీరు కాలేజీ ల్యాబులో రోజూ తెరిచే విజువల్ స్టూడియో కోడ్ కూడా ఎలక్ట్రానే. శ్రద్ధగా రాస్తే ఎంత దూరం తీసుకెళ్లవచ్చో మీ కళ్ల ముందే ఉంది.

వెబ్‌కూ విండోస్‌కూ మధ్య తిరిగే ఈ చక్రం మీ ఉద్యోగ జీవితంలో ఇంకో రెండు మూడుసార్లు తిరుగుతుంది. కాబట్టి ఎలక్ట్రాన్, డబ్ల్యూపీఎఫ్ లాంటి ఫ్రేమ్‌వర్క్ పేరు చూసి జీవితం నిర్ణయించుకోకండి. కోచింగ్ సెంటర్ల ద్వారకానగర్‌లో నాలుగడుగులకో బోర్డు మూడు నెలల్లో అన్నీ నేర్పిస్తామంటుంది, వాళ్లు నేర్పేది ఆ పేర్లే. ఏ ప్రాసెస్ ఎంత మెమరీ తింటోంది, ఎందుకు తింటోంది, కీబోర్డు మీట నొక్కినప్పుడు ఆ కబురు ఏ గడికి చేరుతోంది, చూపులేని మనిషి వాడే ఎన్‌వీడీఏ లాంటి స్క్రీన్ రీడర్‌కు మీ బటన్ తాను బటన్‌నని చెబుతోందా – ఇవి తెలిసినవాళ్లు కొత్త ఫ్రేమ్‌వర్క్‌ను కొద్ది వారాల్లో పట్టేస్తారు. డబ్ల్యూపీఎఫ్ ఇందుకు మంచి బడి. పైగా అది చచ్చిపోలేదు. 2018 డిసెంబరులో మైక్రోసాఫ్ట్ దాని సోర్స్ కోడ్‌ను అందరికీ తెరిచింది, సీ షార్ప్ ప్రోగ్రాములను నడిపే డాట్‌నెట్ కొత్త వెర్షన్ల మీదా అది నడుస్తోంది. ఫ్లట్టర్ సంగతి మొబైల్ ఉద్యోగం కావాలనుకున్నప్పుడు చూసుకోవచ్చు.

విశాఖలో ఉద్యోగమంటే ఐటీ కంపెనీలుండే రుషికొండ ఒక్కటే అనుకోకండి. మీ గాజువాకకు దగ్గర్లోనే మెడ్‌టెక్ జోన్ ఉంది, అక్కడ వైద్య పరికరాలు తయారవుతాయి. ఇలాంటి పరికరాల తెరల వెనక చాలాచోట్ల సీ ప్లస్ ప్లస్ భాష, దానితో తెరలు తయారుచేసే క్యూటీ ఉంటాయి. నేవీ కోసం పనిచేసే డీఆర్‌డీఓ ప్రయోగశాల ఎన్ఎస్‌టీఎల్ కూడా ఈ ఊళ్లోదే. డీఆర్‌డీఓలో శాస్త్రవేత్త కావాలన్న ఆలోచన ఉంటే గేట్ పరీక్ష వైపు ఇప్పుడే చూడండి.

ఈ సెలవుల్లో ఒక పని చేయండి. అనుమతి తీసుకుని నాన్నగారి ఆఫీసులో ఒక పూట ఆయన పక్కన కూర్చోండి. ఒక బిల్లుకు ఎన్ని మీటలు నొక్కుతున్నారో, ఎన్నిసార్లు మౌస్ కోసం చేయి తీస్తున్నారో కాగితం మీద గీతలు పెట్టండి. తర్వాత అదే బిల్లు తెరను రెండు రకాలుగా రాయండి, ఒకటి డబ్ల్యూపీఎఫ్‌లో, రెండోది ఎలక్ట్రాన్‌లో. రెండింట్లోనూ ఎంటర్ పనిచేయాలి. తీరిక దొరికితే టౌరీలో మూడోది రాయండి. టౌరీ కంప్యూటర్లో ఉన్న వెబ్‌వ్యూనే వాడుకుంటుంది, అందుకే ప్రోగ్రాము కొద్ది మెగాబైట్లలో ముగుస్తుంది. అన్నింటినీ 4 జీబీ పాత కంప్యూటర్లోనే నడిపి, తెరుచుకోవడానికి పట్టిన సమయం, టాస్క్ మేనేజర్ చూపిన మెమరీ రాసిపెట్టుకోండి. ఎలక్ట్రాన్‌వి నాలుగైదు ప్రాసెస్‌లు కనిపిస్తాయి, అన్నీ కలిపి లెక్కవేయాలి. చాలామంది ఒక్కదాన్ని చూసి ఊరుకుంటారు. ఇంటర్వ్యూలో ప్రాజెక్టు గురించి అడిగినప్పుడు ఈ పట్టిక తీసి చూపించండి. అదే లైబ్రరీ నిర్వహణ ప్రాజెక్టును వందోసారి చూసి విసిగిపోయిన మనిషి కుర్చీలో ముందుకు జరిగి కూర్చుంటారు.

మధురవాడ కంపెనీని చేరేముందే రెండు విషయాలు అడగండి. ఏ డాట్‌నెట్ వెర్షన్ మీద పని? డాట్‌నెట్ 8 లేదా ఆ తర్వాతిదైతే నిశ్చింతగా ఆరు నెలలు చేయవచ్చు. పాత డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్ 4.8 మీదే ఉండి, మారే ఆలోచన లేదంటే రెండు నెలలకే ఒప్పుకోండి. ఇంటర్న్‌లను కస్టమర్ల దగ్గరికి పంపుతారా అన్నది రెండో ప్రశ్న, పంపుతామంటే స్టైపెండు కాస్త తక్కువైనా సరే. చేరడానికి మీరే డబ్బు కట్టాలంటే మాత్రం ఆ గడప దిగి వచ్చేయండి. తేదీలు ఒప్పుకునే ముందు ఆరో సెమిస్టరు పరీక్షలు ఎప్పుడో కాలేజీలో కనుక్కోండి.