హాస్టల్ గేటు ఆరున్నరకి, వర్క్‌షాప్ పని అయిదు తర్వాత

ప్రశ్న: మాది పల్నాడు వైపు ఒక చిన్న టౌను. గుంటూరు దగ్గర ప్రైవేటు కాలేజీలో మెకానికల్ థర్డియర్ చదువుతున్నా, హాస్టల్లో ఉంటా. క్లాసు మొత్తానికి అమ్మాయిలం నలుగురమే. సెకండియర్ నుంచి కాలేజీ బాహా టీమ్‌లో (స్టూడెంట్లే బండి తయారుచేసి రేసులో నడిపే పోటీ) ఉన్నా, సస్పెన్షన్ గ్రూపు నాది. పనంతా సాయంత్రం క్లాసులయ్యాకే. మా గేటు ఆరున్నరకి వేసేస్తారు, అబ్బాయిలకి తొమ్మిదిన్నర దాకా అడిగేవాళ్లు లేరు. అమ్మ ఫోన్ చేస్తే రూమ్‌లో చదువుకుంటున్నా అని చెప్పేదాన్ని. పోయిన నెల వరసగా లేటయ్యేసరికి వార్డెన్ నాన్నకి ఫోన్ చేసింది. అదే వారం మా మేనత్త కొడుకు నన్ను టీమ్‌లో ఒకబ్బాయి బైక్ మీద చూశానని ఇంట్లో చెప్పాడు. నాన్నకి ట్రాక్టర్ స్పేర్ పార్టుల షాపు ఉంది. షాపు కట్టేసి మరీ వచ్చి, టీమ్ మానెయ్, లేదంటే హాస్టల్ ఖాళీ చేసి రోజూ ఇంటి నుంచి బస్సులో వెళ్లిరా అన్నారు. రేపు సంబంధాలు చూసేటప్పుడు ఎవరు సమాధానం చెప్తారని అమ్మ ఏడుపు. ఇటు మా కెప్టెన్ ‘నువ్వు కాస్ట్ రిపోర్ట్ రాస్తే చాలు, వర్క్‌షాప్‌కి రాకపోయినా పర్లేదు’ అంటున్నాడు. థర్డియర్ మొదటి సెమిస్టర్ (3-1)లో డీఎంఎం, అంటే డిజైన్ ఆఫ్ మెషిన్ మెంబర్స్ పేపర్, పోయింది, అది ఇంట్లో ఇంకా తెలీదు. రాత్రిళ్లు నిద్ర పట్టట్లేదు. టీమ్ వదిలేసి ప్రశాంతంగా డిగ్రీ పూర్తి చేసుకోమంటారా?

జవాబు: వదలొద్దు. ప్రశాంతంగా చదువుకో అనే సలహా నీకు ఇంట్లో, హాస్టల్లో, టీమ్‌లో అందరూ ఇచ్చేశారు, నేనూ అదే చెప్పేటట్టయితే నువ్వింత పెద్ద ఉత్తరం రాయక్కర్లేదు. పైగా టీమ్ వదిలేస్తే ప్రశాంతత వస్తుందన్న లెక్క నాకు కుదరడం లేదు. నిద్ర పట్టకపోవడానికి కారణం బండి పని కాదు కదా, ఇంట్లో దాచినవి రెండున్నాయి, ఒకటి బయటపడింది, రెండోది ఎప్పుడు బయటపడుతుందో అని. టీమ్ మానేసినా ఆ రెండోది అక్కడే ఉంటుంది.

నీ ఉత్తరంలో నాలుగు గొడవలు ఒకటే గొడవలాగా కలిసిపోయాయి: ఇల్లు, గేటు, కెప్టెన్, డీఎంఎం. నాన్నతో మాట్లాడేటప్పుడు గేటు అన్యాయం గురించి, వార్డెన్‌తో మాట్లాడేటప్పుడు ఇంటి బాధ గురించి మాట్లాడి ఉంటావని నా అనుమానం. దేనికది విడదీసుకో.

ముందు ఇల్లు. మీ నాన్నగారిని ఎక్కువ కోసింది ఏమిటనుకుంటున్నావు? ఏడున్నరకి హాస్టల్‌కి వచ్చావన్నది కాదు. ఆ సంగతి వార్డెన్ నోటి నుంచీ మేనల్లుడి నోటి నుంచీ వినాల్సి రావడం. కూతురు రూమ్‌లో చదువుకుంటోందని పది మందితో అన్న మనిషి, ఒక వారంలో రెండుసార్లు బయటివాళ్ల దగ్గర తలదించుకోవాల్సి వచ్చింది. కోపంలో ఆయన అన్న రెండు ఆప్షన్లూ తప్పే, రోజూ ఊరి నుంచి కాలేజీకి బస్సు ప్రయాణం పెట్టుకుంటే టీమ్ మాట అటుంచి చదువే మిగలదు. కానీ కోపానికి కారణం మాత్రం నువ్వు ఇచ్చిందే. చిన్న అబద్ధాలే, ఎవరికీ హాని లేనివే అని నువ్వనుకున్నావు. ఆ అబద్ధం వల్ల జరిగిందేమిటంటే, నువ్వు చేస్తున్న మంచి పని కూడా దొంగచాటు పనిలా కనిపించింది. బైక్ మీద కాలేజీ గేటు దగ్గర దిగడంలో తప్పేముంది? ఏమీ లేదు. కానీ రూమ్‌లో ఉన్నా అని చెప్పిన సాయంత్రం దిగితే దానికి వేరే అర్థం వస్తుంది.

నాకు ఆశ్చర్యం కలిగించింది ఇంకోటి. రోజూ బుష్‌లు, బేరింగులు, బాల్ జాయింట్లు అమ్మే మనిషి మీ నాన్న. బాహా అంటే ఏమిటో ఇంట్లో అర్థం చేసుకోగలిగింది ఆయన ఒక్కరే, అలాంటాయనకే నువ్వేం చేస్తున్నావో ఏడాది పైనుంచి చెప్పలేదు! ఆయన బుర్రలో టీమ్ అంటే ఓ గుంపు అబ్బాయిలు, బైకులు, చీకటి. 2007 నుంచి నడుస్తున్న పోటీ అని, దేశం నలుమూలల కాలేజీల నుంచి పిల్లలు సొంతంగా ఒక సీటు బండి తయారుచేసుకుని ఇండోర్ దగ్గర పీతంపూర్ ట్రాక్‌కి తీసుకెళ్తారని, గుంటల్లో గట్ల మీద నాలుగు గంటలు ఆపకుండా నడిపే రేసులో ముందు విరిగేవి నువ్వు చేసే ఆర్ములూ జాయింట్లే అని ఆయనకి ఎవరు చెప్పారు?

కాబట్టి ఈ ఆదివారం ఫోన్‌లో కాదు, ఇంటికెళ్లు. డీఎంఎం పోయిన సంగతి ముందు చెప్పు, మిగతావి తర్వాత. తిట్లు పడతాయి, పడనీ. ఆ రోజు టీమ్ కోసం వాదించకు. అబద్ధం చెప్పానని ఒప్పుకో, ఇక చెప్పనని చెప్పు, కావాలంటే వర్క్‌షాప్ నుంచే వీడియో కాల్ చేస్తానని చెప్పు. రోజూ చేయించుకోరులే, కొన్నాళ్లకి విసుగొచ్చి వాళ్లే వద్దంటారు. తర్వాత నాన్నని ఒకసారి పగటిపూట వర్క్‌షాప్‌కి రమ్మను. బండి చూపించు, నీ పార్టు చూపించు, మీ ఫ్యాకల్టీ అడ్వైజర్‌ని పరిచయం చెయ్యి. ‘ఈ జాయింట్ ఎందుకు తేలిగ్గా అరిగిపోతోంది నాన్నా’ అని నిజంగా నీకు తెలియని విషయం ఏదైనా అడుగు. నటన వద్దు, ఆయన కౌంటర్లో కూర్చుని ముప్పై రకాల ట్రాక్టర్ల కష్టాలు విన్న మనిషి, నటిస్తే కనిపెట్టేస్తారు.

అమ్మ సంబంధాల మాట అన్నదంటే దానికి వాదనతో మందు లేదు, నా కాలంలో అనేవాళ్లు, ఇప్పటికీ అంటున్నారు, వినీ వినీ విసుగు. ఆవిడకి సిద్ధాంతాలు చెప్పకుండా వివరాలు ఇవ్వు: వర్క్‌షాప్‌లో ఎవరెవరుంటారు, తిరిగి హాస్టల్ దాకా ఎవరితో వస్తావు, సార్ నంబరు ఏది. మిగతా ముగ్గురు అమ్మాయిల్లో ఎవరి అమ్మతోనైనా ఆవిడని మాట్లాడించగలిగితే ఇంకా మంచిది, మన మాట కంటే ఇంకో తల్లి మాట ఆవిడ చెవికి ఎక్కుతుంది. మేనత్త కొడుక్కి మాత్రం నువ్వు సంజాయిషీ చెప్పక్కర్లేదు. ఫొటోలు తీయడం, వెంటపడటం లాంటివి అతను గానీ ఇంకెవరు గానీ చేస్తే అది వేరే విషయం, అప్పుడు కాలేజీలో ఇంటర్నల్ కంప్లయింట్స్ కమిటీ ఉంటుంది, ఫోన్‌కీ ఫొటోలకీ సంబంధించినదైతే cybercrime.gov.inలో ఫిర్యాదు చెయ్యి.

ఇక గేటు. ఇక్కడ న్యాయం నీ వైపుంది. ఉన్నత విద్యాసంస్థల్లో లైంగిక వేధింపుల నివారణ మీద యూజీసీ తెచ్చిన 2015 రెగ్యులేషన్స్‌లో స్పష్టంగా ఉంది, అమ్మాయిల భద్రత పేరు చెప్పి హాస్టళ్లలో అబ్బాయిలకు లేని రూల్స్ అమ్మాయిలకు పెట్టకూడదని. మన కాలేజీల్లో చాలామంది వార్డెన్లకి ఆ కాగితం ఉందనే తెలీదు. 2022లో కోజికోడ్ మెడికల్ కాలేజీ అమ్మాయిలు రాత్రి తొమ్మిదిన్నర గేటు గురించి కేరళ హైకోర్టుకు వెళ్లారు, అమ్మాయిలనే ఎందుకు లోపల పెట్టి తాళం వేస్తున్నారని కోర్టు గట్టిగానే అడిగింది, ఆ డిసెంబర్లోనే ప్రభుత్వం అబ్బాయిలకీ అమ్మాయిలకీ ఒకటే టైమ్ అని ఉత్తర్వు ఇచ్చింది. వాళ్లు తొమ్మిదిన్నర చాలదని కోర్టుకెళ్తే మనం ఆరున్నర దగ్గరే ఉన్నాం. అసలు భద్రత అనే మాటే తీసుకుందాం. కాలేజీ ఆవరణ లోపలే వర్క్‌షాప్ నుంచి హాస్టల్‌కి నడిచొచ్చే పిల్ల, పది నిమిషాలు లేటైతే గేటు తీయరని, ఇంటికి ఫోన్ చేస్తారని భయపడి అసలు తిరిగి రాకుండా టౌన్లో ఫ్రెండ్ రూమ్‌కి వెళ్లిపోతుంది. ఏది భద్రం?

కానీ రెగ్యులేషన్ ప్రింటు తీసుకుని నేరుగా వార్డెన్ మొహాన పెట్టకు. వార్డెన్ చేతిలో ఏమీ ఉండదు, టైమింగ్ మేనేజ్‌మెంట్ పెట్టింది, ఆవిడ ఉద్యోగం ఆవిడది. ముందు ఫ్యాకల్టీ అడ్వైజర్ సంతకంతో ప్రిన్సిపాల్‌కి ఒక లెటర్ రాయండి: ఫలానా అమ్మాయిలు, ఫలానా రోజులు, ఎనిమిదిన్నర దాకా వర్క్‌షాప్ పని, వచ్చేటప్పుడు రిజిస్టర్లో సంతకం, వర్క్‌షాప్ నుంచి హాస్టల్ దాకా సెక్యూరిటీ మనిషి. పేరెంట్స్ అంగీకారం అడుగుతారు, అందుకే ఇల్లు ముందు అన్నాను. చాలాచోట్ల ఇంతవరకు ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోతే అప్పుడు తీయి యూజీసీ కాగితం, అప్పుడు కూడా ఒక్కదానివే వెళ్లకు.

ఈ ఒక్కదానివే అన్నది నన్ను కాస్త కలవరపెడుతోంది. నీ ఉత్తరంలో మిగతా ముగ్గురు అమ్మాయిలు ఒక్క ముక్కలో వచ్చి మాయమైపోయారు. వాళ్లెందుకు టీమ్‌లో లేరు? రానన్నారా, ఎవరూ అడగలేదా? ఎ. లలిత గారి గురించి విని ఉంటావు, మన తెలుగావిడే, చిన్నప్పుడే పెళ్లయి, తనకి పద్దెనిమిదేళ్ల వయసులోనే భర్త పోయి చంటిపాపతో మిగిలి, 1940లో మద్రాసు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రికల్ చదవడానికి చేరారు. అబ్బాయిలు వందల్లో, ఆవిడ ఒక్కతే. వాళ్ల నాన్న పప్పు సుబ్బారావు గారు అక్కడే ప్రొఫెసర్. ఆయన కూతురికి ధైర్యం చెప్పి ఊరుకోలేదు, అమ్మాయిలకూ సీట్లు ఇస్తున్నామని ప్రకటన వేయమని కాలేజీవాళ్లని ఒప్పించారు. తర్వాతి ఏడాది సివిల్‌లో లీలమ్మ జార్జ్, పి.కె. త్రేసియా చేరారు. పాప బంధువుల ఇంట్లో, తను హాస్టల్లో, అలా చదివి 1943లో పట్టా తీసుకున్నారు. నువ్వూ జూనియర్లలో ఇద్దర్ని పట్టుకో. లెటర్ మీద నాలుగు పేర్లుంటే ప్రిన్సిపాల్ చదివే తీరు వేరుగా ఉంటుంది, రాత్రి నడిచి రావడానికీ తోడు దొరుకుతుంది.

కెప్టెన్ సంగతి. కాస్ట్ రిపోర్ట్, సేల్స్ ప్రెజెంటేషన్ అమ్మాయిలకిచ్చి పానాలు అబ్బాయిలు పట్టుకోవడం పాత అలవాటే. కొందరు నిజంగా సాయం చేస్తున్నామనే అనుకుంటారు, అతను ఏ రకమో నాకు తెలీదు. రిపోర్ట్ చిన్న పని కాదు, దానికీ పోటీలో మార్కులున్నాయి, కానీ నువ్వు చేరింది సస్పెన్షన్ గ్రూపులో. ‘రిపోర్ట్ కూడా చూస్తాను, రియర్ ఆర్ములు మాత్రం నా పేరు మీద రాయి’ అని గ్రూప్ మీటింగ్‌లో అందరి ముందూ అడుగు, వాట్సాప్‌లో కాదు. పార్టుకి నీ పేరుంటే డిజైన్ రౌండ్‌లో జడ్జిలు ఎందుకు ఇలా చేశారని అడిగినప్పుడు లేచి చెప్పాల్సింది నువ్వే. రేపు ఇంటర్వ్యూలో మాట్లాడటానికి పనికొచ్చేది కూడా అదే, టీమ్ సర్టిఫికెట్ అందరికీ ఉంటుంది.

డీఎంఎం విషయంలో మాత్రం నిన్ను వెనకేసుకురాను. సస్పెన్షన్ చేసే పిల్లకి మెషిన్ మెంబర్స్ పేపర్ పోయిందంటే, మీ నాన్నకే కాదు, నాకూ నోట్లో మాట రావట్లేదు. ఆ ఒక్క సప్లీ మిగిలి ఉన్నంతకాలం నువ్వు ఎంత న్యాయంగా మాట్లాడినా ఎదుటివాళ్లు ‘ముందు సబ్జెక్టు పాస్ అవ్వు’ అంటారు, నోరు మూసుకోవాల్సి వస్తుంది. సప్లీ అయ్యేదాకా వారంలో రెండు సాయంత్రాలూ ఆదివారమూ మాత్రమే వర్క్‌షాప్, మిగతావి పుస్తకం, అని నువ్వే ఇంట్లో ముందుగా చెప్పు. అటెండెన్స్ 75 శాతం కిందికి పోయిందేమో కూడా చూసుకో, తగ్గి ఉంటే కండోనేషన్ (తగ్గిన హాజరుకి మినహాయింపు) చుట్టూ తిరగాల్సొస్తుంది. నిద్ర విషయం ఇంట్లో చెప్పేశాక కూడా సర్దుకోకపోతే తేలిగ్గా తీసుకోకు, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఏ టైమ్‌లోనైనా ఫోన్ చెయ్యొచ్చు, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.

ఇవన్నీ చేశాక కూడా నాన్న వద్దంటే? ఒక సెమిస్టర్ గడువు అడుగు. సప్లీ పాసై, ఒక్క లేట్ ఎంట్రీ కూడా లేకుండా చూపిస్తాను, అప్పుడు మళ్లీ మాట్లాడదాం అను. ఆ సెమిస్టర్‌లో వర్క్‌షాప్ తలుపు తట్టకపోయినా క్యాడ్ డ్రాయింగులు రూమ్‌లో కూర్చుని గీయొచ్చు, టీమ్‌లో పేరు తీయించుకోవద్దు. సప్లీ ఫీజు ఆఖరి తేదీ ఎప్పుడో రేపే కాలేజీ ఎగ్జామ్ సెల్‌లో కనుక్కో.