పొద్దస్తమానం ఫోనే! సెలవుల్లో పిల్లల్ని ఎలా పట్టుకోవాలి డాక్టరుగారూ?

ప్రశ్న: డాక్టరుగారూ, మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. బాబుకి తొమ్మిదేళ్లు, పాపకి ఆరు. బడికి సెలవులిచ్చిన దగ్గర్నుంచీ ఇంట్లో ఒకటే గోల. లేచింది మొదలు ఫోను. లాక్కుంటే ఏడుపు, లేదంటే ఇద్దరికీ కొట్లాట. రాత్రి పన్నెండయినా పడుకోరు, పొద్దున తొమ్మిది దాటితే గాని లేవరు. అన్నం సరిగ్గా తినడం లేదు. నేను ఇంట్లో మిషను కుడతాను, ఇది పెళ్లిళ్ల సీజను. మా అత్తగారు ఉన్నారు గాని ఆవిడ మాట వినరు. బయటికి పంపుదామంటే ఎండ, ఇంటి ముందే కాలువ. టౌన్లో సమ్మర్ క్యాంపులో చేర్పించమంటారా? ఇది ఫోను జబ్బేనా? ఆకలికి టానిక్ ఏదైనా చెబుతారా?

జవాబు: అమ్మా, ముందు జబ్బు సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన జబ్బుల పట్టికలో గేమింగ్ డిజార్డర్ అని ఒకటి ఉన్నమాట నిజమే. కాని దానికి పెట్టిన కొలత గట్టిది. ఆట మీద అదుపు పోవాలి, చదువు, తిండి, స్నేహాలు దెబ్బతింటున్నా మానలేకపోవాలి, అదీ మామూలుగా ఏడాది పాటు సాగాలి. సెలవుల్లో ఫోను పట్టుకున్న పిల్లలందరికీ ఆ పేరు అంటగట్టడం నాకు నచ్చదు. మీ పిల్లలకి తోచడం లేదు, అంతే. బడి ఉన్నన్నాళ్లూ ఇప్పుడేం చెయ్యాలో ఎవరో ఒకరు చెప్పేవారు. ఇప్పుడు చెప్పేవాళ్లు లేరు, చేతికందేది ఫోను.

'అమ్మా, తోచట్లేదు' అన్నారని మీరు మిషను ఆపి పరుగెత్తాల్సిన పనిలేదు. ఓ అరగంట తోచకుండా ఉండనివ్వండి. గొణుగుతారు, అరుగు మీద దొర్లుతారు, తర్వాత ఏదో ఒకటి మొదలుపెడతారు. ఆ అరగంటలో ఫోను మాత్రం కంటికి కనపడకూడదు. లేచే వేళ, బయట ఆడుకునే వేళ, ఫోను వేళ... ఈ మూడూ మీరు ఖాయం చెయ్యండి. మిగతా రోజు వాళ్లదే.

మొదట నిద్ర సరిచెయ్యాలి. 'తొమ్మిదింటికి పడుకో' అని ఎంత అరిచినా నిద్ర రాదు. పొద్దున త్వరగా లేపితే రాత్రి అదే వస్తుంది. రెండు రోజులకోసారి అరగంట చొప్పున ముందుకి జరుపుతూ ఆరున్నరకి తీసుకురండి. ఈ వయసు పిల్లలకి 9 నుంచి 12 గంటల నిద్ర కావాలి కాబట్టి రాత్రి తొమ్మిదిన్నర లోపు పక్క మీద ఉండాలి. దానికి గంట ముందే ఫోన్లన్నీ, మీవీ కలిపి, పక్కగదిలో ఛార్జింగుకి పోవాలి.

ఎండంటే మీ భయం సబబే. మన డెల్టాలో ఎండ తీరు వేరు. రెంటచింతలలో 45 డిగ్రీలు కాసిందని పేపర్లో చూసి, మనకి 38 ఏ కదా అనుకుంటాం. కాని కాలువలు, చెరువులు, దగ్గర్లో సముద్రం ఉండడం వల్ల మన గాలిలో తేమ ఎక్కువ. చెమట పడుతుంది గాని ఆరదు. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడేది. అందుకే 38లో కూడా పిల్లలు సోలిపోతారు. పదకొండు నుంచి నాలుగున్నర దాకా గడప దాటనివ్వకండి. పొద్దున్న తొమ్మిదిన్నర దాకా, సాయంత్రం అయిదు తర్వాత ఇంట్లో ఉండనివ్వకండి.

రోజుకి గంటసేపైనా ఒళ్లు అలిసేలా ఆడాలి. కంటికి కూడా ఇది అవసరం: రోజూ రెండు గంటలు ఆరుబయట గడిపే పిల్లలకి దూరపుచూపు మందగించే ముప్పు తగ్గుతుంది. నీడలో ఆడినా చాలు. వెలుగుని లక్సుల్లో కొలుస్తారు. ఇంట్లో లైటు వెలుగు కొన్ని వందల లక్సులే, మామిడి చెట్టు కింద నీడలో వేలల్లో ఉంటుంది. కొబ్బరిచెట్టు నీడ మాత్రం వద్దు. కాయలు, మట్టలు ఎప్పుడు రాలతాయో చెప్పలేం. ముంజలు తినేశాక మిగిలిన కాయలకి పుల్ల గుచ్చి బండి చేసుకోవడం, కొబ్బరాకుతో బూరలు, ఏడుపెంకులాట... ఇవన్నీ మీకు నేను నేర్పాలా? కత్తి మాత్రం పెద్దవాళ్ల చేతిలోనే ఉండాలి.

మధ్యాహ్నం ఆ అయిదారు గంటలే అసలు చిక్కు. అక్కడ మీ అత్తగారిని దింపండి. పిల్లలు ఆవిడ మాట వినరన్నారు. నీతులు ఎవరూ వినరమ్మా. వామనగుంటల్లో వాళ్లని రెండుసార్లు చిత్తుగా ఓడించమనండి, వాళ్లే వెనకబడతారు. అష్టాచెమ్మా, పులి-మేక, చింతపిక్కలు, అన్నీ కూర్చుని ఆడేవే. పక్కింటి చంటిపిల్లలు వచ్చిపోతుంటే గవ్వలు, పిక్కలు ఆట కాగానే డబ్బాలో పెట్టించండి. మూడేళ్ల లోపు వాళ్లు నోట్లో పెట్టుకుంటే గొంతుకి అడ్డం పడతాయి. బొమ్మ పనులకంటే అసలు పనులు ఇస్తే పిల్లలకి ఇష్టం. ఆవకాయకి మామిడి ముక్కలు తుడవడం, వడియాలకి కాకుల కాపలా (నీడలో కూర్చుని), ఆవపిండి ఎన్ని గిద్దెలో బాబు లెక్క రాయడం. కారం దగ్గరికి మాత్రం రానివ్వకండి. మీ దగ్గర మిగిలిన గుడ్డముక్కలు పాపకిచ్చి బొమ్మకి గౌను కుట్టమనండి, మీకూ కాస్త ఊపిరి ఆడుతుంది.

ఫోను పూర్తిగా మాన్పించమని నేను చెప్పను. భారత పిల్లల వైద్యుల సంఘం 5 నుంచి 10 ఏళ్ల వాళ్లకి రోజుకి రెండు గంటల లోపే తెర అంటుంది. టీవీ కూడా ఆ లెక్కలోదే. పక్కన కూర్చుని చూస్తే అత్తగారి సీరియలూ లెక్కలోదే! మూడు నుంచి నాలుగున్నర దాకా, హాల్లో, అందరి ముందు, అని వేళ పెట్టండి. అన్నం ముందు ఫోను పెట్టి ముద్దలు కుక్కే అలవాటు ఉంటే ఇవాళే ఆపండి. మొదటి నాలుగైదు రోజులు ఏడుపులు తప్పవు. ఏడిచాడని ఒక్కసారి ఇచ్చారో, ఏడిస్తే దొరుకుతుందని నేర్పినట్టే.

కాలువ సంగతి మాత్రం చాలా జాగ్రత్తగా చదవండి. ఎండకంటే నాకు దాని భయమే ఎక్కువ. దాళ్వా (రెండో పంట) కోతలయ్యాక కాలువలకి నీళ్లు ఆపేస్తారు, అడుగున మడుగులు మిగులుతాయి, పిల్లలు దిగుతారు. పూడిక తీసినచోట గోతులు ఉంటాయి; నిరుడు మోకాలి లోతున్న రేవులో ఈ ఏడు మనిషి మునిగే లోతు ఉండొచ్చు. జూన్‌లో ధవళేశ్వరం ఆనకట్ట నుంచి నీళ్లు వదిలితే నిన్న క్రికెట్ ఆడినచోట ఇవాళ ప్రవాహం. రొయ్యల చెరువుల గట్లు నిటారుగా, జారుడుగా ఉంటాయి, పైగా నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్ల కరెంటు తీగలు. అటు అసలు వెళ్లనివ్వకండి.

మునిగిపోయే పిల్లలు సినిమాలోలా కేకలు వెయ్యరు. చప్పుడు లేకుండా మునుగుతారు. 'అక్కడ పెద్దపిల్లలు ఉన్నారులే' అన్న ధీమా పనికిరాదు. బాబుకి ఈత నేర్పించండి, పాపకీ నేర్పించొచ్చు. తేలడానికి నడుముకి కట్టిన ఎండు కొబ్బరికాయలు ఊడిపోవచ్చు, కాబట్టి ఈత వచ్చిన పెద్దమనిషి చెయ్యి అందేంత దగ్గర్లో ఉండాలి. ఎవరైనా మునుగుతుంటే దూకొద్దని, కేకేసి పెద్దల్ని పిలిచి దోటీయో తాడో అందించమని, ఖాళీ క్యాను విసరమని పిల్లలకి ఇప్పుడే చెప్పి ఉంచండి. పైకి తీసినవాళ్లని తలకిందులుగా తిప్పడం, పొట్ట నొక్కి నీళ్లు కక్కించడం చెయ్యకూడదు. ఊపిరి లేకపోతే వెల్లకిలా పడుకోబెట్టి ముందు నోట్లో ఊపిరి ఊదాలి, తర్వాత ఛాతీ నొక్కాలి. 30 నొక్కులకి 2 సార్లు ఊదడం. ఈలోగా ఇంకొకరు 108కి ఫోను చెయ్యాలి.

టానిక్ అక్కర్లేదు. ఎండల్లో ఆకలి తగ్గడం మామూలే. పొద్దున్నే పెరుగేసిన చద్దన్నం, మధ్యాహ్నం తేలిగ్గా, చల్లబడ్డాక రాత్రి భోజనం పెట్టి చూడండి. రాత్రి అన్నం మూతపెట్టి చల్లటి చోట ఉంచాలి, పులిసిన వాసన వస్తే పారెయ్యండి. మధ్యలో బిస్కెట్లు, కూల్‌డ్రింకులు ఆపితే సగం సమస్య తీరుతుంది. మజ్జిగ, కొబ్బరినీళ్లు, ముంజలు ఎంచక్కా ఇవ్వండి. మామిడిపండు తింటే సెగ్గడ్డలు వస్తాయని పిల్లల నోరు కట్టెయ్యకండి. అవి చర్మంలోకి సూక్ష్మజీవులు చేరి వచ్చేవి. రెండుపూటలా స్నానం, గోళ్లు కత్తిరించడం, పల్చటి నూలు బట్టలే దానికి మందు. పండుకి సొన అంటి ఉంటే మూతి పొక్కుతుంది, కడిగి ఇవ్వండి. విరేచనాలయితే ఓఆర్ఎస్ ప్యాకెట్టు మొత్తం ఒకేసారి, దాని మీద రాసినన్ని నీళ్లలో (పెద్ద ప్యాకెట్టయితే లీటరు) కలపాలి, సగం సగం కలపొద్దు. ఒళ్లు కాలిపోతూ, పొంతన లేకుండా మాట్లాడితే అది వడదెబ్బ: నీడకి చేర్చి, ఒళ్లంతా నీళ్లతో తడిపి విసురుతూ 108ని పిలవండి.

సమ్మర్ క్యాంపు పొద్దున రెండు గంటలదై, ఆటలో బొమ్మలో వాళ్లకి ఇష్టమైనదైతే పంపండి. పై తరగతి పాఠాలు ముందే చెప్పేదైతే ఆ డబ్బు మిగుల్చుకోండి. దాంతో ఓ సాయంత్రం ధవళేశ్వరం తీసుకెళ్లండి. మీ ఇంటి ముందు కాలువకి నీళ్లు ఎక్కణ్ణించి వస్తున్నాయో బాబు చూస్తాడు. 1852లో ఆనకట్ట పూర్తిచేసిన కాటన్ దొర పేరుతో అక్కడ మ్యూజియం కూడా ఉంది.

ఇవన్నీ చేసినా బరువు తగ్గుతున్నా, దాహం, ఒంటేలు బాగా ఎక్కువైనా, ఫోను లేనప్పుడు కూడా తోటిపిల్లల్లో కలవకుండా రెండు వారాలకి పైగా దిగులుగా ఉన్నా దగ్గర్లోని పిల్లల డాక్టరుకి చూపించండి. బడులు తెరిచేలోగా ఇద్దరికీ ఒకసారి కళ్ల పరీక్ష చేయిస్తే మంచిది. ఫోను మొహానికి ఆనించుకుని చూస్తున్నారా, టీవీకి దగ్గరగా జరుగుతున్నారా, తలనొప్పి అంటున్నారా అన్నది గమనించి ఆ డాక్టరుకి చెప్పండి.