నోటీస్ పీరియడ్ అంటే నోటీసు కాదండీ

ప్రశ్న: మా అమ్మాయికి బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చింది. మొదటి ఉద్యోగం. ఆఫర్ లెటర్‌లో ‘నోటీస్ పీరియడ్ 90 రోజులు’ అని ఉంది. మూడు నెలలకే నోటీసు ఇచ్చి పంపేస్తారా? సంతకం పెట్టమంటారా? – ఒక తండ్రి, కదిరి

జవాబు: మనకు నోటీసు అంటే బ్యాంకుదో, కోర్టుదో. అందుకే ఆ మాట చూడగానే గుండె గుభేలుమంటుంది. పాలగిన్నె అంటే గిన్నె, గిన్నెపాలు అంటే పాలు కదా! ఇంగ్లీషులోనూ ఇలా రెండు పేర్లు కలిస్తే పెత్తనం సాధారణంగా వెనక మాటదే. ఇక్కడ వెనకున్నది పీరియడ్, అంటే గడువు. ‘మానేస్తున్నాను’ అని మీ అమ్మాయి మెయిల్ పెట్టిన రోజు నుంచి చివరి పనిరోజు దాకా ఉండే గడువు అది. ఆ 90 రోజులూ పనిచేస్తుంది, జీతమూ వస్తుంది. కంపెనీయే పొమ్మంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలన్నది కూడా ఆ పేరాలోనే చూడండి. రెండు వైపులా ఒకే గడువు ఉంటే మంచిదే.

ఈ మాట వాడకంలోనూ తికమక ఉంది. మారతహళ్లిలో పీజీలో ఉండే ఒక కుర్రాడు, అప్పటికి ఏ ఉద్యోగమూ లేదు, దరఖాస్తులో నోటీస్ పీరియడ్ అన్నచోట 90 అని నింపాడు. అందరూ అదే రాస్తారట! ‘మూడు నెలలు ఆగలేం’ అని ఫోన్ పెట్టేశారు. ఫ్రెషర్లు అక్కడ సున్నా వేయాలి, లేదా ‘ఇమ్మీడియట్ జాయినర్’, అంటే వెంటనే చేరగలను, అనాలి. ఇక ‘సర్వింగ్ నోటీస్’ అంటే రాజీనామా ఇచ్చేసి గడువు గడుపుతున్నారని. రాజీనామా ఇవ్వకుండా ఇంటర్వ్యూలో ఆ మాట అంటే అబద్ధమే, చివరి పనిరోజు ఎప్పుడని అడిగితే దొరికిపోతారు.

90 రోజులు కాస్త ఎక్కువే, కాదనను. రేపు వేరే ఆఫర్ వస్తే వాళ్లు అన్నాళ్లు ఆగకపోవచ్చు. అందుకే బయౌట్ ఉందా అని చూడండి. అంటే మిగిలిన రోజులకు డబ్బు కట్టి ముందే బయటపడటం. కొన్నిచోట్ల కొత్త కంపెనీయే కడుతుంది. అడగాపెట్టకుండా మానేస్తే మాత్రం రిలీవింగ్ లెటర్, అంటే ఉద్యోగం నుంచి విడుదల చేశామని పాత కంపెనీ ఇచ్చే కాగితం దగ్గర పేచీ వస్తుంది.

ప్రొబేషన్‌లో, అంటే చేరిన కొత్తలో పనితీరు చూసే కాలంలో, ఈ గడువు తక్కువగా పెట్టే కంపెనీలు చాలా ఉన్నాయి. మీ అమ్మాయికి ప్రొబేషన్‌లోనూ 90 రోజులేనా అని హెచ్‌ఆర్‌కు ఒక మెయిల్ పెట్టించండి. ఫోన్‌లో వద్దు, జవాబు రాతలో ఉండాలి. అది వచ్చాక సంతకం పెట్టమనండి.