విశాఖలో డాబా తోట: ఫిబ్రవరిలో ఏం చేస్తే ఏప్రిల్ ఎండకి మొక్కలు నిలబడతాయి?

మీ ప్రశ్న రెండుసార్లు చదివానండీ. మధురవాడలో కొత్త ఇల్లు, డాబా మీద ఇరవై దాకా కుండీలు. కిందటేడు ఉగాది సెలవుల్లో విత్తనాలు వేస్తే మొలిచాయిగానీ ఏప్రిల్ నెలాఖరుకి అన్నీ మాడిపోయాయన్నారు. ఈసారి ఎప్పుడు మొదలుపెట్టాలి, ముందు ఏ పని చెయ్యాలి, కాపు అయిపోయిన చిక్కుడు పాదుని పీకెయ్యాలా అని అడిగారు.

మాది పెదవాల్తేరు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను మా పెరట్లో మునగచెట్టునీ, కాపుకొచ్చిన మామిడినీ ఒక్క పూటలో కూల్చేసింది. పెరడు బోసిపోయి చూడలేక ఆ ఏడాదే డాబా మీద కుండీలు పెట్టాను. అప్పట్నుంచి ఒక్క వేసవి కూడా ఖాళీగా వదల్లేదు. మీకు జరిగిందే మొదటి రెండేళ్ళూ నాకూ జరిగింది. ఎండ ఎక్కువై చచ్చిపోయాయనే అనుకున్నాను. మా అత్తగారిది విజయనగరం వైపు పల్లెటూరు. ఆవిడ వచ్చి చూసి, "ఉగాదికి పూతలో ఉండాల్సిన పాదుని ఉగాదికి విత్తుతావేంటమ్మా" అన్నారు. మీ ప్రశ్నకి నా జవాబు కూడా అదే. బీర విత్తిన 40–45 రోజులకి పూతకొస్తుంది, బెండ తొలికాపుకి 45–50 రోజులు కావాలి. ఉగాది నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటే ఫిబ్రవరి మొదటి రెండు వారాల్లో విత్తనం మట్టిలో పడిపోవాలి. ఆ రోజుల్లో మన దగ్గర పగలు ముప్ఫై డిగ్రీలకి అటూ ఇటూ, రాత్రి ఇరవై దగ్గర ఉంటుంది. వేరు లోతుకి దిగడానికి హాయైన కాలం. కుండీ నిండా వేరున్న మొక్క మే నెల ఎండ కూడా ఓర్చుకుంటుంది. రెండాకుల మొక్కకి మార్చి ఎండే ఎక్కువ.

అంటే మట్టి పని సంక్రాంతి వెళ్ళగానే మొదలుపెట్టాలి. చాలామంది ఇక్కడే తొందరపడి పాత మట్టిలోనే గింజ గుచ్చేస్తారు. ఒక్క కుండీ బోర్లించి చూడండి, మీకే తెలుస్తుంది. మట్టి కుండీ ఆకారంలోనే ముద్దగా ఊడి వస్తుంది. అడుగున పాత వేళ్ళు కొబ్బరిపీచులా చుట్టలు చుట్టుకుని ఉంటాయి. పక్కన వేలెడంత తెల్లటి పురుగులు అర్ధచంద్రాకారంలో ముడుచుకుని పడుకుని ఉంటాయి. అవి వేరుపురుగులు. పచ్చిపేడ వేస్తే ఇంకా పెరుగుతాయి. మొక్క పైకి బాగానే ఉండి ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి వడిలిపోయిందంటే, చాలాసార్లు కింద వీటి పనే. ఏరి పళ్ళెంలో వేసి గోడ మీద పెడితే కాకులు నిమిషంలో ఖాళీ చేసేస్తాయి.

ఆ మట్టిని గడ్డలు చిదిపి, వేళ్ళు ఏరేసి, డాబా మీద పల్చగా పరిచి నాలుగైదు రోజులు ఎండబెట్టండి. మన ఎర్రమట్టి తడిస్తే పేరుకుంటుంది, ఎండితే ఇటుకలా బిగుస్తుంది. ఒట్టి ఎర్రమట్టిలో వేరు దిగలేదు. నేను నాలుగు పాళ్ళు మట్టి, మూడు పాళ్ళు బాగా మాగిన గెత్తం (పశువుల ఎరువు), రెండు పాళ్ళు కోకోపీట్ (కొబ్బరిపొట్టు), ఒక పాలు ఇసుక కలుపుతాను. కుండీకి గుప్పెడు వేపపిండి తప్పకుండా వేస్తాను. గెత్తం నల్లగా, పొడిగా, వాసన లేకుండా ఉండాలి. పచ్చి వాసన వస్తుంటే ఇంకా మాగలేదని అర్థం, అది వేర్లని కాల్చేస్తుంది. కలిపిన మట్టిని తడిపి పిడికిలితో నొక్కి చూడండి. ముద్ద కట్టాలి, వేలితో తాకగానే విడిపోవాలి. విడిపోకపోతే ఇంకాస్త కోకోపీట్ వెయ్యండి. భోగిమంట బూడిద దాచుకునే అలవాటుంటే కుండీకి ఒక చెంచా చాలు. ఎక్కువైతే మట్టి చవుడు లక్షణంలోకి పోతుంది.

కుండీలు నింపి, తడిపి, ఓ పది రోజులు ఊరికే వదిలెయ్యండి. ఈలోగా జీవామృతం అనే ద్రవ ఎరువు చేసుకోవచ్చు. పది లీటర్ల నీళ్ళకి అరకిలో ఆవుపేడ, అరలీటరు గోమూత్రం, వంద గ్రాముల బెల్లం, వంద గ్రాముల శనగపిండి, గుప్పెడు మంచి మట్టి. నీడలో పెట్టి రోజుకి రెండుసార్లు కలుపుతూ రెండు రోజులు ఉంచితే చాలు. అనకాపల్లి బెల్లం మనకి పక్కనే. తెల్లగా మెరిసేదానికంటే ముదురు రంగు బెల్లమే దీనికి నయం. చేపలు తినే ఇల్లయితే ఇంకో మంచి ఎరువుంది. చేప వ్యర్థాలు, బెల్లం సమానంగా డబ్బాలో కలిపి మూత పెట్టి నెల్లాళ్ళు వదిలితే ద్రావణం ఊరుతుంది. లీటరు నీళ్ళకి 2–3 మిల్లీలీటర్లు కలిపి పదిహేను రోజులకోసారి మొక్క మొదట్లో పొయ్యండి. మా వంకాయలకి ఇది పోసిన ఏడాదికీ పొయ్యని ఏడాదికీ ఆకు రంగులోనే తేడా కనిపించింది. ఎండలో మాత్రం పొయ్యకండి, సాయంత్రం పొయ్యండి.

విత్తనాల దగ్గర ఒక్క జాగ్రత్త. ఒక ఏడాది దుకాణంలో కొన్న కాకర ప్యాకెట్టు నమ్ముకుని మూడు వారాలు పోగొట్టుకున్నాను. ఒక్కటీ మొలవలేదు, తారీఖు చూస్తే గడువు దాటి ఏడాదైంది. అప్పట్నుంచి ఏ గింజనైనా పది లెక్కపెట్టి తడిగుడ్డలో చుట్టి చూస్తాను. ఏడు మొలిస్తే ఆ విత్తనం మంచిదే, నాలుగో అయిదో అయితే పక్కన పెట్టేస్తాను. బెండ గింజల్ని రాత్రి నానబెట్టి పొద్దున్న వేస్తే నాలుగైదు రోజుల్లో తల ఎత్తుతాయి. కాకర పెచ్చు మందం. మొన వైపు గోళ్ళ కత్తెరతో కొసరంత తుంచి ఒక రోజంతా నానబెట్టాలి. అయినా ఎనిమిది, పది రోజులు ఓపిక పట్టాలి. తోటకూర గింజ ఇసుకలో కలిపి చల్లితే ఒకే చోట గుత్తిగా పడదు.

బీర, ఆనప (సొర), దోస, కాకర, బరబాటీలు (అలసందలు) నేరుగా కుండీలోనే వెయ్యండి, నారు పోసి మారిస్తే వేరు కదిలి అలుగుతాయి. కుండీ కనీసం 15 అంగుళాల లోతుండాలి. ఆనపకి ఇంకా పెద్దది కావాలి. టమాటా, వంగ, మిరపకి మాత్రం నారే మంచిది. అడుగున చిల్లు పెట్టిన పేపరు కప్పులో కోకోపీట్, వర్మీకంపోస్టు సగం సగం నింపి, అరంగుళం లోతున గింజ వెయ్యండి. నారు చచ్చేది ఎక్కువగా నీళ్ళు ఎక్కువైనప్పుడే. కాండం మట్టి దగ్గర సన్నగా నల్లబడి ఒరిగిపోతే అది నారుకుళ్ళు. మొలకెత్తగానే నీరెండలో పెట్టి, పైపొర కాస్త ఆరాకే తడి ఇవ్వండి. టమాటా 25–30 రోజులకి, మిరప 35–40 రోజులకి మార్చుకోవచ్చు. నిజం చెప్పాలంటే టమాటాకి ఫిబ్రవరి ఆలస్యమే. పగటి ఎండ 35 దాటితే పూత నిలవదు. గింజ వెయ్యకుండా ఈసారికి నర్సరీ నుంచి నారు తెచ్చి నాటండి.

నర్సరీ అంటే గుర్తొచ్చింది. మన ఊళ్ళో అమ్మే మొక్కల్లో చాలావరకు కడియం నుంచి వచ్చేవే. వాటి వేరు చుట్టూ గోదావరి ఒండ్రు, జిగట నల్లమట్టి ముద్దగా ఉంటుంది. దాన్ని అలాగే మన మట్టిలో పెడితే చుట్టూ మట్టి తడుస్తుంది, ఆ ముద్దలోకి నీరు దిగదు. మొక్క నీళ్ళలో నిలబడి దాహంతో ఎండిపోతుంది. నా రెండు గులాబీలు అలాగే పోయాయి. ఇప్పుడు మొక్క తెచ్చిన రోజు ఆ ముద్దని బకెట్ నీళ్ళలో అరగంట ఉంచి, బయటి పొరని వేళ్ళతో మెల్లగా కరిగించి, అప్పుడే నాటుతున్నాను. వేరు తెగకుండా చూసుకోండి, పూర్తిగా కడిగెయ్యొద్దు.

బెండలో ఆకు ఈనెలు పసుపెక్కే తెగులు మన దగ్గర ఎక్కువ. తెల్లదోమ అంటిస్తుంది. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ తయారుచేసిన 'అర్క అనామిక' ఆ తెగుల్ని తట్టుకునే రకం. దొరికితే అదే తీసుకోండి. పసుపు రంగు అట్టకి ఆముదం రాసి మొక్కల మధ్య వేలాడదీస్తే దోమ అంటుకుంటుంది. ఈనెలు పసుపెక్కిన మొక్క కనిపిస్తే జాలిపడకుండా పీకెయ్యండి, నేను జాలిపడి ఒకసారి వరసంతా పోగొట్టుకున్నాను. పేనుబంక, పిండినల్లికి లీటరు నీళ్ళలో 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీరు కలిపి సాయంత్రం ఆకు అడుగు తడిసేలా కొట్టండి.

గాలి సంగతి కొత్తగా వచ్చినవాళ్ళకి తెలియదు. మార్చి నుంచి నైరుతి గాలి గట్టిగా కొడుతుంది, కొత్త తీగల్ని మెలితిప్పేస్తుంది. పందిరి ముందే కట్టుకోండి, తీగ ఎక్కాక కడితే విరుగుతుంది. సముద్రానికి దగ్గరుంటే ఉప్పుగాలికి ఆకు అంచులు మాడతాయి. మీకు ఆ బాధ తక్కువ. కానీ బోరు నీళ్ళు వాడుతుంటే కుండీ అంచున తెల్లటి పొర కడుతుందేమో చూడండి. అది నీళ్ళలోని లవణం. అలా ఉంటే నెలకోసారి అడుగు చిల్లులోంచి కారేదాకా మంచి నీళ్ళు పోసి కడగాలి. కుండీల కింద రెండేసి ఇటుకలు పెట్టండి, సిమెంటు వేడి నేరుగా వేరుకి తగలదు. మట్టి మీద ఎండుటాకులో కొబ్బరిపీచో రెండంగుళాలు పరిస్తే రోజుకి ఒక పూట నీరు మిగులుతుంది. ఏప్రిల్లో 50 శాతం ఎండని ఆపే గ్రీన్ నెట్ వేసుకోండి.

మల్లె ఉందా? ఉంటే ఈ వారమే చెయ్యండి, ఆలస్యమవుతోంది. వారం పది రోజులు నీళ్ళు ఆపి, కొమ్మలు అడుగున్నర ఎత్తుకి కత్తిరించి, మిగిలిన ఆకు దూసేసి, గెత్తం వేసి నీళ్ళు పెట్టండి. కొత్త చివుళ్ళతో పాటే మొగ్గ వస్తుంది. కరివేపాకుకి కొసలు తుంచితే చాలు.

బీర, ఆనప పూత మొదట్లో రాలిపోతే కంగారు పడకండి, ముందొచ్చేవి మగపూలే. పువ్వు కింద చిన్న పిందె ఉన్నదే ఆడపువ్వు. ఇవి సాయంత్రం విచ్చుకుంటాయి, మీ డాబా మీదికి తుమ్మెదలు రాకపోతే మగపువ్వు కోసి ఆడపువ్వు మధ్యలో మెల్లగా అద్దండి. నేను మొదటిసారి అలా అద్దిన ఆనపపిందె మూడో రోజుకి బొటనవేలంత అయింది. ఆ సంతోషం మీరూ చూడాలి.

ఇక మీ చిక్కుడు పాదు. మేము రథసప్తమికి చిక్కుడుకాయలతో రథం చేసి, చిక్కుడాకుల్లో పరమాన్నం పెట్టేదాకా పాదు జోలికి వెళ్ళం. మీరూ పీకకండి. వేరు మీద చిన్న బుడిపెలుంటాయి, గాలిలోని నత్రజనిని పట్టి ఉంచేవి అవే. పాదుని మట్టి దాకా కోసి, వేరుని లోపలే కుళ్ళనివ్వండి, పక్కన తోటకూరో గోంగూరో చల్లుకోండి. కొయ్యబోయే ముందు పాదులో కెల్లా బాగా కాసిన కొమ్మ మీద ఆరేడు కాయలు గుర్తుపెట్టి వదిలెయ్యండి. తొక్క గోధుమరంగుకి తిరిగి, చెవి దగ్గర ఊపితే లోపల గింజ గలగలమన్నప్పుడు కోసి, ఆరబెట్టి, కాస్త బూడిదలో కలిపి సీసాలో పెట్టుకుంటే ఆషాఢంలో మళ్ళీ విత్తుకోవచ్చు.