ఆ వీడియోలు చూసే అలవాటుంటే నేరాలు చేస్తానా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 24. మాది నర్సంపేట దగ్గర పల్లె. హనుమకొండలో రూమ్ తీసుకుని గ్రూప్స్‌కు ప్రిపేర్ అవుతున్నాను. నాలుగేళ్లుగా రాత్రిపూట ఫోన్లో పోర్న్ వీడియోలు చూసే అలవాటు ఉంది. మానేద్దామని అన్నీ డిలీట్ చేస్తాను, వారం తిరక్కుండానే మళ్లీ మొదలు. ఈమధ్య టీవీ చర్చలో ఒకాయన "ఆడపిల్లల మీద అఘాయిత్యాలు చేసేది ఇవి చూసేవాళ్లే, సమాజం నాశనమయ్యేది వీళ్ల వల్లే" అన్నారు. ఇంకొకాయన అది ఎవరి వ్యక్తిగత విషయం వాళ్లదని కొట్టిపారేశారు. అది విన్నప్పటి నుంచి టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. నరాల బలహీనత వస్తుందని, లాడ్జిలో కూర్చునే ఒక డాక్టర్‌కు చూపిస్తానని ఫ్రెండ్ అంటున్నాడు. నేను చెడ్డవాడినా? దీనికి మందు ఉందా?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: ముందు ఆ లాడ్జికి వెళ్లే ఆలోచన మానుకోండి. వీడియోలు చూడటం వల్ల గానీ, హస్తప్రయోగం వల్ల గానీ నరాలు దెబ్బతినవు. ఫలానా తేదీన ఫలానా లాడ్జిలో ఉంటామని గోడల మీద పోస్టర్లు అంటించుకుని తిరిగేవాళ్లు మీలాంటి కుర్రాళ్ల భయం మీదే బతుకుతున్నారు. వాళ్లిచ్చే పొడుల్లో ఏం కలిపారో పొట్లం మీద రాసి ఉండదు. అప్పు చేసి వేలకు వేలు వాళ్ల చేతిలో పోసి, చివరికి నా దగ్గరికి వచ్చిన పిల్లలను చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

ఇక టీవీలో విన్న మాటల సంగతి. ఈ వాదన కొత్తదేమీ కాదు. అమెరికాలో అధ్యక్షుడి స్థాయిలో వేసిన కమిషన్, ఇవి నేరాలకు కారణమనడానికి ఆధారాలు దొరకలేదని 1970లో చెప్పింది. 1986లో అక్కడే అటార్నీ జనరల్ వేసిన మరో కమిషన్, హింసతో కూడినవి హాని చేస్తాయని తేల్చింది. డెన్మార్క్ 1969లో అశ్లీల చిత్రాల మీద నిషేధం ఎత్తేసినప్పుడు అత్యాచారాలు విపరీతంగా పెరిగిపోతాయని భయపడ్డారు, అలా జరగలేదు. మన దగ్గర 2015 ఆగస్టులో కేంద్రం 857 సైట్లను ఆపించి, గొడవ కాగానే కొద్ది రోజుల్లోనే వెనక్కి తగ్గింది. ఉత్తరాఖండ్ హైకోర్టు ఆదేశాలతో 2018లో మళ్లీ 827 సైట్లను ఆపించింది. అయినా అవి ఫోన్లోకి ఎలా వస్తున్నాయో నాకంటే మీకే బాగా తెలుసు.

నేరం చేసినవాడి ఫోన్లో ఆ వీడియోలు దొరికితే పేపర్లో వస్తుంది. అవే చూస్తూ ఎవరి జోలికీ పోని లక్షల మంది గురించి ఎవరూ రాయరు. అందుకే చూసే ప్రతివాడూ నేరస్థుడన్న మాట నేను ఒప్పుకోను. అయితే అప్పటికే ఆడవాళ్లంటే కసి, చులకన ఉన్నవాడు హింసతో నిండిన వీడియోలు అదేపనిగా చూస్తే ఆ బుద్ధి ఇంకా ముదరొచ్చు. ఆ మేరకు పరిశోధనలు ఉన్నాయి.

అలాగని వ్యక్తిగత విషయమంటూ చేతులు దులుపుకున్న ఆయన మాటా నాకు నచ్చలేదు. పెళ్లయి ఆర్నెల్లు కూడా కాని జంటలు నా దగ్గరికి వస్తుంటారు. భర్త మాట్లాడుతున్నంతసేపూ ఆ అమ్మాయి కొంగు చివర మెలిపెడుతూ తల వంచుకుని కూర్చుంటుంది. అతన్ని కాసేపు బయట ఉండమంటే అప్పుడు నోరు విప్పుతుంది. "ఫోన్ల చూపిచ్చి గట్లనే చెయ్యమంటడు సార్. నొస్తుందంటే ఇనడు." సమాజానికి నష్టం ఏమిటని అడిగితే నేను ముందు చూపించేది ఇదే. కెమెరా ముందు డబ్బులిచ్చి చేయించిన దాన్ని కాపురం అనుకుని, పక్కనున్న మనిషి ఇష్టాన్ని లెక్కచేయకపోవడం. పెళ్లి చేసుకోబోతున్నారు కాబట్టి ఇది మీకు గట్టిగా చెబుతున్నాను.

ఇంకొకటి. 'లీకైంది' అంటూ గ్రూపుల్లో తిరిగే వీడియోల్లో ఉన్న ఆడపిల్లకు అది బయటికొచ్చిన సంగతి కూడా తెలియకపోవచ్చు. వాటిని చూడకండి, ఎవరికీ పంపకండి. చిన్నపిల్లల అశ్లీల వీడియోలైతే చూడటం, డౌన్‌లోడ్ చేసుకోవడం కూడా నేరమే. ఐటీ చట్టం, పోక్సో రెండూ వర్తిస్తాయని 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

ఇప్పుడు మీ సంగతి. లైంగిక ప్రవర్తన మీద అదుపు తప్పడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నుంచి అమల్లో ఉన్న తన జబ్బుల జాబితాలో చేర్చింది. ఆరు నెలలు, అంతకంటే ఎక్కువ కాలం ఎంత ప్రయత్నించినా ఆపలేకపోవడం, చదువు, ఆరోగ్యం, బాధ్యతలు పక్కన పడిపోవడం, సంతోషం లేకపోయినా చూస్తూనే ఉండటం దాని లక్షణాలు. తప్పు చేస్తున్నానన్న బాధ ఒక్కటే ఉంటే దాన్ని జబ్బు అనకూడదని కూడా అందులోనే ఉంది. మానలేకపోతున్నానని రాశారు గానీ, చదువు ఎలా సాగుతోందో రాయలేదు. కాబట్టి జబ్బు ఉందనో లేదనో ఈ ఉత్తరం చూసి చెప్పలేను. చెడ్డవాడినా అని అడిగారు చూడండి, ఆ అడగడంలోనే మీ మంచితనం తెలుస్తోంది.

దీనికంటూ ప్రత్యేకంగా ఒక మాత్ర లేదు. కౌన్సెలింగ్ బాగా పనిచేస్తుంది. ఆందోళన, డిప్రెషన్ ఉంటే వాటికి మందులు ఇస్తాం. ఈలోపు రాత్రి ఫోన్ మంచం దగ్గర పెట్టుకోకండి, ఛార్జింగ్ గదికి ఆ మూల పెట్టండి. చూడాలన్న కోరిక వచ్చాక కాసేపు ఓపిక పడితే దానంతట అదే తగ్గుతుంది. లేచి రూమ్మేట్‌తో నాలుగు మాటలు మాట్లాడండి. సాయంత్రాలు భద్రకాళి బండ్ మీద నడవండి, నిద్ర బాగా పడుతుంది. ఒకరోజు తప్పి చూసినా అంతా పోయిందని కుంగిపోకండి. చాలామంది మళ్లీ మొదలుపెట్టేది ఆ కుంగుబాటులోనే. చూడాలన్న కోరిక ఏ రోజు, ఏం జరిగాక వచ్చింది? మాక్ టెస్టులో మార్కులు తగ్గాయా, ఇంటి నుంచి ఫోన్ వచ్చిందా? రెండు వారాలు ఇలా రాసుకుని ఆ కాగితం వెంట తీసుకెళ్లండి.

వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి మానసిక వైద్య విభాగం ఓపీలో చూపించుకోవచ్చు. అంతవరకు ఆగలేకపోతే 14416కు ఫోన్ చేయండి. అది టెలి మానస్, ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడతారు. ఇంట్లో తెలుస్తుందేమోనని భయపడకండి. మీరు చెప్పిన విషయాలు గోప్యంగా ఉంచాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. మీ అమ్మానాన్నలు వచ్చి అడిగినా, మీరు ఒప్పుకోకుండా డాక్టర్ మామూలుగా వాళ్లకు చెప్పరు.