జీపీఎస్‌కి లాక్ చేసిన 10 మెగాహెర్ట్జ్ క్లాక్ సిగ్నల్ నుంచి కచ్చితమైన 10 వోల్టులు తీయొచ్చా?

నేరుగా తీయలేమండి. ఆ 10 మెగాహెర్ట్జ్ ఎంత నిక్కచ్చిగా ఉన్నా అది ఇచ్చేది కాలమే. దాన్ని వోల్టుగా మార్చే చోట కచ్చితత్వం పోతుంది.

ఫ్రీక్వెన్సీని వోల్టేజీగా మార్చే చిప్ ఎల్ఎం331 సూత్రం చూడండి: ఫ్రీక్వెన్సీ × 2.09 × (ఆర్ఎల్/ఆర్ఎస్) × ఆర్‌టీ × సీటీ. ఇందులో ఆర్‌లు రెసిస్టర్లు, సీటీ కెపాసిటర్. జీపీఎస్ బాగుచేసేది మొదటి అంశాన్నే. 2.09 చిప్ లోపలి రిఫరెన్స్ నుంచి వచ్చింది. సీటీకి పాలీస్టైరీన్ కెపాసిటర్ పెట్టినా డిగ్రీకి 100 పీపీఎంకి (పది లక్షల్లో 100 వంతులకి) పైనే కదులుతుంది, అంటే 10 వోల్టుల మీద 1 మిల్లీవోల్టుకి పైనే. గదిలో ఫ్యాన్ వేస్తే ఆరున్నర అంకెల మీటర్లో చివరి అంకెలు నిలవవు. "ఫ్రీక్వెన్సీ లాక్డ్ రిఫరెన్స్" అని ఇలాంటి బోర్డులు అమ్మడం అన్యాయం.

ఫ్రీక్వెన్సీని నిజంగా వోల్టుగా మార్చేది జోసెఫ్‌సన్ జంక్షన్ (రెండు సూపర్‌కండక్టర్ల మధ్య సన్నని పొర). 75 గిగాహెర్ట్జ్ దగ్గర ఒక్కో జంక్షన్ ఒక్కో మెట్టుకి 155.09 మైక్రోవోల్టులు ఇస్తుంది. 10 వోల్టులకి వేల జంక్షన్లు, వాటిని దాదాపు 4 కెల్విన్‌కి చల్లబరిచే ద్రవ హీలియం లేదా క్రయోకూలర్ కావాలి. ఇంట్లో కుదరదు.

మరి మీ 10 మెగాహెర్ట్జ్ క్లాక్ ఎందుకు? నిష్పత్తికి! ఎల్‌టీజెడ్1000 జీనర్ (స్థిరమైన వోల్టేజీ ఇచ్చే రిఫరెన్స్ చిప్) కొని, ఎన్ఏబీఎల్ (ల్యాబ్‌లకి గుర్తింపునిచ్చే జాతీయ బోర్డు) గుర్తింపున్న ల్యాబ్‌లో కొలిపించండి. 7.1500 వోల్టులు వచ్చిందనుకుందాం. ఆప్-ఆంప్ (యాంప్లిఫయర్ చిప్) అవుట్‌పుట్‌ని సీమాస్ (ఎలక్ట్రానిక్) స్విచ్‌తో ప్రతి 10,000 క్లాక్‌ల సైకిల్లో (1 మిల్లీసెకను) 7,150 క్లాక్‌లు ఆన్ చేసి, మిగతా క్లాక్‌లు గ్రౌండ్‌కి కలిపి, సగటు వచ్చేలా రెసిస్టర్-కెపాసిటర్‌తో ఫిల్టర్ చేసి, ఆప్-ఆంప్‌లో జీనర్‌తో పోల్చండి. లూప్ స్థిరపడితే అవుట్‌పుట్ 10 వోల్టులు. నిష్పత్తి రెసిస్టర్ల మీద ఆధారపడదు. ఒక క్లాక్ తేడా 1.4 మిల్లీవోల్టులు కాబట్టి, అంతకన్నా సన్నగా సరిచేయాలంటే కొన్ని సైకిళ్లలో మాత్రం 7,151 పెట్టండి.

దెబ్బతినేది రెండు చోట్ల. స్విచ్ ఆన్, ఆఫ్ ఆలస్యాల్లో 1 నానోసెకను తేడా ఉంటే 14 మైక్రోవోల్టుల తప్పు వస్తుంది. దీన్ని పట్టుకోవడం తేలిక: 20,000కి 14,300 పెట్టి 500 హెర్ట్జ్‌కి దించండి. అవుట్‌పుట్ ఎంత కదిలిందో దానికి రెట్టింపు మీ అసలు తప్పు. రెండోది స్విచ్ రెసిస్టెన్స్. పై (అవుట్‌పుట్ వైపు), కింది (గ్రౌండ్ వైపు) స్విచ్‌ల మధ్య 10 ఓమ్‌ల తేడా ఉంటే, 100 కిలో ఓమ్‌ల ఫిల్టర్ రెసిస్టర్‌తో దాదాపు 285 మైక్రోవోల్టులు తప్పుతుంది. ఫిల్టర్ రెసిస్టర్ 1 మెగా ఓమ్ చేస్తే పదో వంతుకి దిగుతుంది. కానీ అప్పుడు ఆప్-ఆంప్ బయాస్ కరెంట్ (దాని ఇన్‌పుట్ లాగే కొద్దిపాటి కరెంట్) 10 పికో ఆంపియర్లే ఉన్నా 14 మైక్రోవోల్టులు తినేస్తుంది, కాబట్టి అంతకన్నా తక్కువ ఉన్నది ఎంచుకోండి. ఫిల్టర్ కెపాసిటర్ పాలీప్రొపిలీన్‌దే పెట్టండి, ఎలక్ట్రోలిటిక్ లీకేజీ ఇక్కడ పనికిరాదు.