క్రైస్తవ సంఘంలో పేరుండటం: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఆదివారం గుడికి, అంటే చర్చికి, వెళ్ళడానికి ఎవరినీ అడగక్కర్లేదు. చిక్కులొచ్చేది పెళ్ళికి, సమాధికి, ఓటుకు, బదిలీకి. ఈ నెల ఉత్తరాలు చాలావరకు వాటి గురించే.

*మాది గుంటూరు జిల్లాలో లూథరన్ కుటుంబం. మూడేళ్ళుగా ఇంటి దగ్గరున్న సీఎస్‌ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) చర్చికి వెళ్తున్నాం, కానుకలు వేస్తున్నాం. మొన్న సంఘ ఎన్నికల జాబితాలో మా పేర్లు లేవు. అడిగితే "మీ ఊరి నుంచి లెటరు తెండి" అన్నారు. ఇన్నాళ్ళు వచ్చినా మేం పరాయివాళ్ళమేనా?*
— ఒక పాఠకురాలు, సికింద్రాబాదు

పరాయివాళ్ళు కారు, కానీ ఆ సంఘం రిజిస్టరులో లేరు. ఆరాధనకు ఎవరైనా రావచ్చు. ఓటు, కమిటీ పదవి, గుడిలో పెళ్ళి, సమాధుల తోటలో చోటు మాత్రం రిజిస్టరును బట్టి నడుస్తాయి. మీ పేర్లు ఇప్పటికీ ఊళ్ళోనే ఉన్నాయి. ఒక మనిషి పేరు రెండు సంఘాల్లో ఉండకూడదు కాబట్టి లెటరు అడిగారు, మిమ్మల్ని అనుమానించి కాదు.

ఊళ్ళో అయ్యగారిని (పాస్టరుగారిని) అడగాల్సింది సభ్యత్వ బదిలీ లెటరు. "వీరు మా సంఘస్తులు, మంచివారు" అని రెండు ముక్కలు రాసిచ్చే కాగితంతో పని జరగదు. ఇంట్లో ఒక్కొక్కరి పూర్తి పేరు, పుట్టిన తేదీ, బాప్తిస్మం ఎక్కడ ఎప్పుడు జరిగింది, కన్ఫర్మేషన్ (ఎదిగాక తన విశ్వాసాన్ని తానే ఒప్పుకునే ఆచారం) తేదీ, పెళ్ళి తేదీ, ప్రభు బల్లలో పాలుపొందుతున్నారా, చందా ఏ నెల వరకు కట్టారు, ఇవన్నీ అందులో ఉండాలి. సంఘం లెటర్‌హెడ్ మీద, సంతకం, ముద్ర, తేదీతో తీసుకోండి. ఆదివారం ఆరాధన అవగానే వెళ్ళి నిలబడితే ఆ జనంలో రిజిస్టరు తీసి వెతికే తీరిక అయ్యగారికి ఉండదు. వారం మధ్యలో ముందుగా ఫోన్ చేసి వెళ్ళండి.

ఎక్కువమందికి ఆగిపోయేది చందా బకాయి దగ్గర. ఊరు వదిలినప్పటి నుంచి కట్టి ఉండరు, కమిటీ మొత్తం అడుగుతుంది. ఆ మూడేళ్ళూ ఇక్కడ కానుకలు వేశామని చెప్పి మాట్లాడుకుంటే చాలా కమిటీలు కొంత తగ్గిస్తాయి. వాదనకు దిగితే లెటరు నెలల తరబడి నలుగుతుంది. రెండో చిక్కు పేర్లు. బాప్తిస్మం రిజిస్టరులో "మేరీ సువార్తమ్మ" అని, ఆధార్‌లో ఇంటిపేరుతో "సువార్త" అని ఉంటుంది. లెటరులో రెండు పేర్లూ రాయించండి, ఇద్దరూ ఒకరేనని ఒక వాక్యం చేర్పించండి. పాత రిజిస్టరు చెదలు తినేసి ఉంటే, బాప్తిస్మం చూసిన పెద్దలిద్దరి సంతకాలతో అయ్యగారు ధ్రువీకరణ రాసిస్తారు. చాలాచోట్ల అది చెల్లుతుంది.

సీఎస్‌ఐ 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఏర్పడింది. ఆంగ్లికన్, మెథడిస్టు, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంఘాలు అందులో కలిశాయి. 1927లో ఏర్పడిన మీ ఆంధ్రా ఇవాంజెలికల్ లూథరన్ చర్చి అందులో కలవలేదు. అయినా లూథరన్ బాప్తిస్మాన్ని సీఎస్‌ఐ ఒప్పుకుంటుంది, మళ్ళీ ఇవ్వదు. లెటరు ఇచ్చాక విషయం కమిటీ మినిట్స్‌లోకి ఎక్కుతుంది. తర్వాత ఏదో ఆదివారం మిమ్మల్ని ముందుకు పిలిచి, పేర్లు చదివి, చెయ్యి కలిపి చేర్చుకుంటారు. ఓటు ఆ రోజే రాదు. ఎన్ని నెలలు ఆగాలో అక్కడి నిబంధనల్లో రాసి ఉంటుంది, కార్యదర్శిగారిని అడిగి చదువుకోండి.

*చిన్నప్పుడే లూథరన్ గుడిలో బాప్తిస్మమైంది. పెళ్ళయ్యాక మా ఆయన వెళ్ళే బాప్టిస్టు సంఘం వాళ్ళు మళ్ళీ తీసుకోమంటున్నారు. తప్పనిసరా?*
— నెల్లూరు జిల్లా పాఠకురాలు

పూర్తి సభ్యత్వం కావాలంటే చాలా బాప్టిస్టు సంఘాల్లో తప్పనిసరే. తెలిసిన వయసులో, నోటితో ఒప్పుకుని, నీళ్ళలో ముంచి ఇచ్చేదే బాప్తిస్మమని వాళ్ళ సిద్ధాంతం. 1878 జూలై 3న ఒంగోలు దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి ఇచ్చింది ఆ పద్ధతిలోనే. లూథరన్, సీఎస్‌ఐ వాళ్ళు పసిపిల్లలకు ఇచ్చిందీ సంపూర్ణమే అంటారు. ఇద్దరిలో ఎవరినీ వాదించి మార్చలేరు. సభ్యత్వం మీ పాత సంఘంలోనే ఉంచుకుని ఆరాధనకు ఆయనతో వెళ్ళడానికి అడ్డేమీ లేదు. అయితే బల్ల ఆరాధన రోజున మీకు రొట్టె, ద్రాక్షారసం ఇస్తారో లేదో ముందే అడిగి తెలుసుకోండి. పళ్ళెం ముందుకొచ్చాక ఇబ్బంది పడటం కన్నా అది మేలు.

*చేరి ఏడాదైంది. ఆరాధన అవగానే ఎవరి దారి వారిది. ఎవరూ పలకరించరు.*
— విశాఖపట్నం నుంచి ఒక జంట

ఐదారు వందలమంది వచ్చే పట్నం గుడిలో ఆదివారం ఆరాధన స్నేహాలు కలిపే చోటు కాదు. ముఖాలు పేర్లయ్యేది వారం మధ్యలో, మీ వీధిలో ఇళ్ళల్లో జరిగే కాటేజీ ప్రార్థనలో. మీరుండే పేట ఏ పెద్ద చూస్తారో కనుక్కుని, ఒకసారి మీ ఇంట్లో పెట్టించుకోండి. ముప్పావు గంట చాలు: రెండు కీర్తనలు, వాక్యం, ప్రార్థన విన్నపాలు, టీ. టిఫిన్ల జోలికి పోకండి. ఒక ఇంట్లో ఇడ్లీ, వడ పెడితే వచ్చేవారం ఇంకో ఇల్లు భయపడి వెనక్కి తగ్గుతుంది, కూటం అక్కడితో ఆగిపోతుంది. పాడగలిగితే కాయిర్‌లో, ఓపికుంటే సండే స్కూల్లో చేరండి. సండే స్కూలుకు ఎప్పుడూ మనుషులు తక్కువే.

*అబ్బాయిది బాప్టిస్టు సంఘం, మా అమ్మాయిది స్వతంత్ర సంఘం. మే నెలలో ఫంక్షన్ హాల్లో రాత్రి ఎనిమిదికి పెళ్ళి అనుకున్నాం. మా పాస్టరుగారే చేస్తామన్నారు. కార్డులు అచ్చుకివ్వబోతున్నాం.*
— కాకినాడ నుంచి ఒక తండ్రి

కార్డులు ఆపండి. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం పెళ్ళి ఉదయం 6 నుంచి సాయంత్రం 7 లోపలే జరగాలి. అందులో ఉన్న మినహాయింపులు మీ రెండు సంఘాలకూ వర్తించవు. సాయంత్రం ఐదుకు ప్రమాణాలు పెట్టుకుని, విందు రాత్రికి పెట్టుకోండి.

అంతకన్నా ముఖ్యం, మీ పాస్టరుగారికి పెళ్ళిళ్ళు చేసే లైసెన్సు ఉందా? స్వతంత్ర సంఘాల సేవకులకు ప్రభుత్వం ఇచ్చిన లైసెన్సు ఉండాలి. మొహమాటపడకుండా కాపీ అడిగి చూడండి. అధికారం లేకుండా పెళ్ళి చేసినవారికి ఆ చట్టం 68వ సెక్షన్ కింద పదేళ్ళ వరకు జైలు. మీవైపు నష్టం తర్వాతెప్పుడో బయటపడుతుంది: భార్య వీసాకు సర్టిఫికెట్ పెడితే తిప్పి పంపుతారు. ఆయనకు లైసెన్సు లేకపోతే ప్రమాణాలు, రిజిస్టరు లైసెన్సున్న పాస్టరుగారితో చేయించి, వాక్యం, ఆశీర్వాదం మీ పాస్టరుగారికి ఇవ్వండి. ఎవరికీ చిన్నతనం ఉండదు.

ఫలానావారికి పెళ్ళి, అభ్యంతరముంటే చెప్పండని సంఘంలో ప్రకటనలు చదివే ఆనవాయితీ ఉంటే మూడు ఆదివారాలు పడుతుంది, రెండు వైపులా. అబ్బాయి సంఘం నుంచి "అభ్యంతరం లేదు" అని లెటరు రావాలి. సభ్యత్వ లెటర్లు, వయసు రుజువులు (అబ్బాయికి 21, అమ్మాయికి 18 నిండాలి), ఫొటోలు సిద్ధం చేసుకోండి. ఇదివరకు పెళ్ళయినవారైతే భర్త లేదా భార్య మరణ ధ్రువీకరణ, లేకపోతే కోర్టు విడాకుల డిక్రీ. ప్రధానం నాటికే ఇవన్నీ అయ్యగారి చేతిలో ఉంటే మంచిది. రిజిస్టరులో సంతకం పెట్టేముందు స్పెల్లింగులు పాస్‌పోర్టుతో అక్షరం అక్షరం సరిచూడండి. ఫొటోగ్రాఫరు తొందరపెట్టేది సరిగ్గా అప్పుడే. ఇంకొక మాట, భస్మ బుధవారం నుంచి ఈస్టరు వరకు శ్రమదినాల్లో చాలా సంఘాలు పెళ్ళిళ్ళు చేయవు. మేలో మీకు ఆ బెంగ లేదు.

*మేం ఎస్సీలం. మా అబ్బాయి బాప్తిస్మం తీసుకుంటానంటున్నాడు. కుల ధ్రువీకరణ ఏమవుతుంది?*
— ఖమ్మం జిల్లా పాఠకుడు

దాచకుండా చెప్పాల్సిన విషయం ఇది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతాల్లో ఉన్నవారికే ఎస్సీ హోదా. క్రైస్తవంలోకి మారిన ఎస్సీలు తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ బీసీ-సీలోకి (వెనుకబడిన తరగతుల్లో సీ గ్రూపులోకి) వస్తారు, రిజర్వేషన్ 1 శాతం. ఎస్టీలకు మతాన్ని బట్టి హోదా పోదు. 2024 నవంబరులో పుదుచ్చేరి కేసులో సుప్రీంకోర్టు బాప్తిస్మం రికార్డునూ, మానకుండా చర్చికి వెళ్ళడాన్నీ కూడా లెక్కలోకి తీసుకుని, ఎస్సీ సర్టిఫికెట్ అడిగినామెకు కుదరదంది. రిజిస్టరులో పేరు ఉంచుకుంటూ ఎస్సీ సర్టిఫికెట్ వాడుకోవచ్చని ఎవరైనా చెబితే, రేపు ఉద్యోగం పోయేది మీ అబ్బాయిదని గుర్తుంచుకోండి. ఈ నిబంధన న్యాయమా అని దళిత క్రైస్తవులు దశాబ్దాలుగా అడుగుతున్నారు, మేమూ అడుగుతాం. కానీ సర్టిఫికెట్ ఇచ్చే తహసీల్దారు ఇప్పుడున్న నిబంధననే చూస్తారు.

*నాన్నగారి సమాధి మీద నలభయ్యో రోజుకు గ్రానైట్ వేయించాలనుకుంటున్నాం.*
— విజయవాడ

ఆగండి. తవ్వి పూడ్చిన మట్టి నెలల తరబడి కుంగుతూనే ఉంటుంది. ఒక వానాకాలం గడవకుండా బరువు పెడితే ఒక పక్కకు ఒరిగి, పలక పగులుతుంది. నలభయ్యో రోజుకు సిలువ, పేరు పలక చాలు. కట్టే ముందు తోట కమిటీతో కొలతలు రాతలో తీసుకోండి. స్థలం తక్కువున్న పట్నాల్లో పక్క సమాధి మీదికి అరడుగు వచ్చినా తీయిస్తారు. మరణం నమోదు 21 రోజుల్లో చేయించారో లేదో కూడా చూసుకోండి.

*నెల చందా, కృతజ్ఞత కానుక, కోత పండుగ... అన్నీ ఇచ్చే శక్తి లేదు. ఇవ్వకపోతే పేరు తీసేస్తారా?*
— పశ్చిమ గోదావరి జిల్లా నుంచి ఒక కూలి కుటుంబం

చందా కొద్ది మొత్తమైనా నెల నెలా కట్టి రసీదు తీసుకోండి, ఓటుకూ బదిలీకీ లెక్కకొచ్చేది అదే. వరసగా కట్టకపోతే కొన్ని సంఘాల్లో ఓటర్ల జాబితా నుంచి పేరు తీస్తారు. బాప్తిస్మం రిజిస్టరు నుంచి ఎవరూ తీయరు. నిజంగా కట్టలేకపోతే అయ్యగారికి విడిగా చెప్పండి, మినహాయింపు ఇచ్చే అధికారం చాలా కమిటీలకు ఉంది. మిగతావన్నీ మీ ఇష్టం. డబ్బే ఇవ్వాలని లేదు. పల్లె సంఘాల్లో ఆడవాళ్ళు అన్నం వండే ప్రతిసారీ ఎసట్లో పోసే బియ్యం నుంచి పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తారు, ఆదివారం గుడికి తెస్తారు. అది కానుకే.

కోత పండుగకు కానుకగా వచ్చినవాటిని వేసే వేలంలో మాత్రం జాగ్రత్త. గుమ్మడికాయో కోడిపుంజో, పక్కవాడి మీద పంతానికి పాట పెంచి, ఉత్సాహంలో ఐదు వేలన్నవాళ్ళు మర్నాటి నుంచి కోశాధికారికి కనపడరు. చేతిలో ఉన్నంతకే పాడండి, ఆ రోజే కట్టేయండి. కోశాధికారి బాకీ జాబితాలో పైనుండేవి చాలాచోట్ల ఈ కోడిపుంజులే.